ఢిల్లీ నుంచి వచ్చిన గంట

అరకు లోయ మొత్తంలో కారు బ్రేకుల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. పంతొమ్మిదేళ్లకే నేను కళ్లకి గంతలు కట్టుకుని, జోరువానలో, ఒంటిచేత్తో చక్రం ఊడదీసి, లోపలి డ్రమ్ము లాగి, లైనర్లు మార్చి, మళ్లీ బిగించి, అదే చేత్తో మసి అంటకుండా పెరుగన్నం తినగలిగేవాణ్ణి.

ఈ విద్యని మొదటిసారి ప్రయోగించింది డెబ్భై ఆరో సంవత్సరం ఆషాఢంలో, ఒక శుక్రవారం పూట. మా మావయ్య వరహాలరావు సంతకి వెళ్లాడు. ఆయన నల్ల ల్యాండ్‌మాస్టర్ కారు ఇంటి ముందు ఉంది. జాకీ ఎత్తి ముందు ఎడమ చక్రం తీశాను. చక్రం వెనక మూకుడు బోర్లించినట్టు ఇనప డ్రమ్ము. అది రాలేదు. బతిమాలాను. రాలేదు. సుత్తితో నాలుగు తగిలించాను. అయిదోదానికి వచ్చింది. దాని వెనకే లోపలి స్ప్రింగులూ వచ్చాయి. ఒకటి మా పెంకుల మీదికి వెళ్లింది. రెండోది పక్కింటి చిన్నమ్మలు గారి గుమ్మడిపాదులోకి వెళ్లింది. దాన్ని వెతకడానికి కారు కూడా వెళ్లింది. జాకీ ఎత్తేముందు వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాలన్న సంగతి నాకు తెలిసిన బ్రేకుల విద్యలో లేదు.

సంతకి పోతున్న లారీ డ్రైవరు గాసి నన్ను చూసి జాలిపడి దిగి, అరగంటలో అన్నీ వెతికి బిగించిపోయాడు గానీ, లేకపోతే ఈ కథ రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. మావయ్యతో మాత్రం హ్యాండ్‌బ్రేకు దానంతటదే జారిందనీ, నేను ప్రాణానికి తెగించి అడ్డం పడబట్టి ఆరు గుమ్మడికాయలతో పోయిందనీ చెప్పాను. మావయ్య నా భుజం తట్టాడు. ఎనిమిదేళ్లయింది. తట్టినచోట ఇప్పటికీ దురద పెడుతుంది.

నేను అరకులో ఎందుకున్నానంటే, ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాక విజయనగరం నుంచి మావాళ్లు నన్ను గాలి మార్పుకి మావయ్య దగ్గరికి పంపారు. నేను మారలేదు. అక్కడి గాలి కొంత మారిందని మా సత్యకుమారి అత్త అనేది.

మావయ్యకి కిరాణా కొట్టు ఉండేది. కానీ లోయలో ఎవరూ ఆయన్ని కొట్టు వరహాలరావు అనేవారు కాదు, కారు సావుకారు అనేవారు. రైలు రాకముందు నుంచీ ఆ కారు ఉంది. మా వీధిలో కాపరానికొచ్చిన కోడళ్లందరూ ఆ కారు వెనక సీట్లోనే, ఒళ్లో పసుపు మూటలతో, మలుపు మలుపుకీ అమ్మని తలుచుకుంటూ ఎక్కివచ్చినవాళ్లే. గూడేల నుంచి మంచాల మీద మోసుకొచ్చిన రోగుల్ని శృంగవరపుకోట ఆసుపత్రికి దించింది అదే. వెళ్లేటప్పుడు రోగీ, వచ్చేటప్పుడు అడ్డాకుల కట్టలూ, కొండ చీపుళ్లూ, ఒకోసారి రోగే మళ్లీ నవ్వుతూనూ. దాని లోపల ఒక వాసన ఉండేది. చింతపండు, పెట్రోలు, తడిసిన గోనెసంచి, మావయ్య చుట్ట, అన్నీ కలిసిన వాసన. కార్తీకంలో వలిసెపూలు పూసి లోయంతా పచ్చగా అయిపోయినప్పుడు, ఆ పసుపు మధ్యన ఆ నల్లకారు ఒక్కటీ పోతూ ఉంటే, కొండమీంచి చూసేవాళ్లకి పసుపు గుడ్డమీద చీమ పాకినట్టుండేది. దాని వేగం కూడా అంతే. ఎక్కేటప్పుడు మాతో పాటు బయల్దేరిన మేకలు మాకంటే ముందు అనంతగిరి చేరి, మేత మేసి, మాకోసం ఎదురుచూసేవి.

దిగేటప్పుడు సంగతి వేరు. దిగేటప్పుడు బరువంతా బ్రేకుల మీదే. అందుకే మావయ్య బ్రేకు మీద కాలు పెట్టడానికి ఇష్టపడేవాడు కాదు. రెండో గేరులో వేసి, ఇంజనుని మూలిగిస్తూ దింపేవాడు. బ్రేకు అనేది చుట్టంలాంటిదనీ, ఊరికే పిలవకూడదనీ అనేవాడు.

భాద్రపదంలో ఒకరోజు చుట్టం రాలేదు.

అత్తా, నేనూ, వెనక రెండు అల్లం బస్తాలూ. అనంతగిరి దాటి నాలుగు మలుపులు దిగాక ముందు ఎడమ చక్రం దగ్గర పందిని కోసినట్టు కేక వినిపించింది. మావయ్య బ్రేకు తొక్కాడు. కారు ఆగడానికి బదులు ఎడమకి లాగింది. ఎడమ పక్కన లోయ. నేను అప్పుడు ఎంత గట్టిగా అరిచానంటే బొర్రా గుహల్లో గబ్బిలాలు మేలుకున్నాయని తర్వాత తెలిసింది. మావయ్య మాత్రం మొదటి గేరులోకి లాగి, స్టీరింగు కుడికి తిప్పి, కారు ఒంటిని కొండకి రాపాడిస్తూ తీసుకెళ్లి, రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలోకి దూర్చి ఆపాడు. దిగి, చక్రం ఊడదీయించి చూస్తే, డ్రమ్ము మీద వేలు పొడవున పగులు.

అత్త ఆ కంకర కుప్ప మీదే కూచుని తీర్పు చెప్పింది. కొత్త బ్రేకులు పడేదాకా ఆ కారు ఘాటీ దిగడానికి వీల్లేదు. మావయ్య తాపీగా ఒప్పుకున్నాడు. ఆయన ధీమా ఆయనకుంది. ఈ కారుని కంపెనీవాళ్లు తయారుచేయడం మానేశారని తెలిసినప్పుడు, అరవై అయిదులో, విశాఖపట్నంలో ఒక కొత్త డ్రమ్ము దొరికితే కొని తెచ్చి, ఒళ్లంతా గ్రీజు పూసి, గోనెగుడ్డలో చుట్టి, వెనక గదిలో వడ్ల గాదె కింద దాచాడు. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ విప్పలేదు. ఇప్పుడు కుడి చక్రానికి కూడా ఇంకోటి సంపాదిస్తే చాలు. ముందు చక్రాలు రెంటికీ ఒకేసారి మార్చాలని మావయ్య నియమం. ఒకటి కొత్తదీ, ఒకటి అరిగిందీ అయితే బ్రేకు తొక్కగానే కారు ఒకపక్కకి లాగుతుంది. మైదానంలో లాగితే పొలంలోకి పోతుంది, ఘాటీలో ఎక్కడికి పోతుందో అడగక్కర్లేదు.

ఇంటికొచ్చి గాదె కింద చెయ్యి పెట్టాడు. గోనెగుడ్డ ఉంది. డ్రమ్ము లేదు.

రెండు రోజులు ఇల్లంతా వెతికాం. నేను అందరికంటే ఎక్కువ వెతికాను. అటక మీద వెతికాను, బావి గట్టున వెతికాను, ఉప్పు జాడీలో కూడా చెయ్యి పెట్టి చూశాను. ఆ వెతుకులాటలో అత్త పెళ్లినాటి పట్టీ ఒకటీ, మావయ్య పోయిందనుకున్న గొడుగూ, ఒక పిల్లీ దొరికాయి. డ్రమ్ము దొరకలేదు. దొరకదని నాకు తెలుసు. ఎందుకంటే సరిగ్గా మేం వెతుకుతుండగా, ఉదయం తొమ్మిదింటికి ఒకసారీ, మధ్యాహ్నం అన్నాల వేళ ఒకసారీ, సాయంత్రం నాలుగింటికి ఒకసారీ, అది నేనిక్కడున్నానంటూ లోయంతా వినిపించేలా చెబుతూనే ఉంది.

ఆ జూన్‌లో ఆశ్రమ పాఠశాల తెరిచేసరికి గంటగా వేలాడే రైలుపట్టా ముక్కని ఎవరో పట్టుకుపోయారు. గంట కొట్టే సోంబరు ఒక కంచాన్ని గరిటెతో కొడుతున్నాడు. ఎప్పుడు కొట్టినా అన్నానికే అనుకుని పిల్లలు లెక్కల క్లాసుకి కంచాలతో వస్తున్నారు. ఇది చూసి నా మనసు కరిగింది. కరిగిన మనసుతో గాదె కింద నుంచి డ్రమ్ము తీసి, గ్రీజు తుడిచి, తీసుకెళ్లి, ఇది ఆదివాసీ బడులకి ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా వచ్చిన గంట అని సోంబరుకి చెప్పాను. నమ్మకం కుదరడానికి ఒక కాగితం కూడా రాశాను. పావలా బిళ్లకి సిరా పూసి కింద మూడు సింహాల ముద్ర వేశాను. గంట కొట్టేముందు తలపాగా తీయవలెననీ, ఢిల్లీ నుంచి మరో ఉత్తరువు వచ్చేవరకు దీనిని దింపరాదనీ అందులో ఉంది.

సోంబరుకి అప్పటికి యాభై దాటి ఉంటాయి. లోయ అవతలి గూడెంలో సామల చేను, బడిలో ఈ ఉద్యోగం. మనిషి నవ్వగా ఎవరూ చూడలేదు. కాగితాన్ని చాలాసేపు చూశాడు, ముద్రని వేలితో తడిమాడు, తలపాగా తీసి గంట కొట్టాడు. ఆ మోత కొండకి తగిలి తిరిగొచ్చింది. ఢిల్లీ గంటలకి వారానికోసారి చుట్టపొగ పట్టించకపోతే గొంతు పోతుందని తనకి ఎవరో చెప్పారని, చుట్టలు ఎవరు తెస్తారో కాగితంలో రాయలేదేమని అడిగాడు. తెచ్చిన ఉద్యోగే తేవాలని నేను అనవలసొచ్చింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం రెండు చుట్టలు పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణి. ఇంత తెలివైనవాణ్ణి నమ్మించగలిగానని నాకు గర్వంగా ఉండేది.

మూడో రోజు మావయ్య వెతకడం మానేశాడు. కొట్టు మూసి వచ్చి అరుగు మీద కూచున్నాడు. అత్త మజ్జిగ తెచ్చి, పోతే పోయిందిలే, ఇంకోటి కొందాం అంది. మావయ్య గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాడు.

“కారు సంగతి కాదే. నా చేత్తో దాసిన వస్తువు ఎక్కడికి మార్సినానో గేపకం లేదు. ఎంత తన్నుకున్నా రాదు. ఇది మర్సిపోయినోడు రేపు ఘాటీలో మలుపు మర్సిపోడేటి? నలుగుర్ని కూకోబెట్టుకుని.”

అత్త లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

అప్పుడు చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా. ఆవులించినట్టు చేసి మూసేశాను. దొంగతనం ఒప్పుకోవడం ఒక ఎత్తు. ఆ రెండు రోజులూ ఆయన పక్కనే నిలబడి ఉప్పు జాడీలో వెతికినట్టు నటించానని ఒప్పుకోవడం ఇంకో ఎత్తు.

మర్నాడు శృంగవరపుకోటలో పాత ఇనుము కొనే పోలయ్యకి కబురు వెళ్లింది, ఆదివారం లారీతో వచ్చి కారు తీసుకుపొమ్మని. మావయ్య జేబులో చీటీలు మొదలయ్యాయి. కళ్లజోడు గూట్లో. తాళాలు పటం వెనక. చుట్టల కట్ట కుడి జేబు. ఆ చీటీలని చూసి కుడి జేబు తడుముకునేవాడు. చుట్టలు నిజంగానే అక్కడ ఉండేవి. అయినా ఇంకోసారి చీటీ చూసేవాడు.

నేను బడికి పరుగెత్తాను. నా ఎత్తు సులువైనదే. గంట దింపుకొచ్చి, గాదె వెనక దొర్లించి, ఇదిగో ఇక్కడే ఉంది మావయ్యా అని అరవడం. సోంబరు గంట కింద కూచుని చీపురు కడుతున్నాడు. పనుంది, గంట ఒకసారి ఇవ్వమన్నాను.

“దిల్లీ కాయితం తెచ్చినావా బాబూ?”

లేదన్నాను.

“మరి నువ్వే సెప్పినావు. కాయితం లేందే దింపితే జైలని. నాకు చేనుంది, పెల్లాముంది. జైలుకెల్తే సామలు ఎవులు కోత్తారు?”

జైలు సంగతి కాగితంలో లేదు, తనే కలిపాడు. ఇంకో కాగితం రాసి తెస్తానని నోటిదాకా వచ్చింది. తిరిగొచ్చేశాను.

మిగిలింది ఒకటే దారి. విజయనగరంలో యర్రయ్య అనే మేస్త్రీ నాకు బాగా తెలుసనీ, పాత కార్ల సామాను ఆయన దగ్గర గుట్టలుగా ఉంటుందనీ, ఆఖరి ప్రయత్నంగా ఒక్కసారి వెళ్దామనీ మావయ్య వెంటపడ్డాను. రెండు డ్రమ్ములూ అక్కడే దొరికితే కారు నిలుస్తుంది, నా దొంగతనం గంటై వేలాడుతూనే ఉంటుంది, అందరూ సుఖంగా ఉంటారు. మావయ్య ముందు వద్దన్నాడు. అత్త సంచిలో పులిహోర కట్టేసింది. వెళ్లక తప్పలేదు.

గురువారం పాసింజర్ ఎక్కాం. రైలు సొరంగాల్లోంచి దిగుతోంది. మావయ్య కిటికీ పక్కన కూచుని, పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటున్నాడు. దగ్గరికి జరిగి విన్నాను. ఘాటీ రోడ్డు మలుపులు. పై నుంచి కిందకి, వరసగా. పనసచెట్టు మలుపు. ఎలుగు కనబడిన మలుపు. మేస్త్రీ జారిన మలుపు. అత్త మొదటిసారి వాంతి చేసుకున్న మలుపు. రెండోసారి వాంతి చేసుకున్న మలుపు. రైలు సొరంగంలో దూరగానే ఆపేసేవాడు. బయటికి రాగానే ఆపినచోటి నుంచి అందుకునేవాడు. ఒకచోట సొరంగం దాటాక కూడా గొంతు లేవలేదు. వేళ్లు ముడుస్తూ వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, ఊహూఁ అన్నట్టు తల ఆడించాడు. నాకు ఆ మలుపు తెలుసు. జేగురు రాతి మలుపు. చెప్పాలనిపించింది. చెబితే ఇంకా కుంగిపోతాడనిపించింది. నేను జీవితంలో మాట్లాడకుండా ఊరుకున్న సందర్భం అదొక్కటే, అదీ తప్పే. మరో సొరంగం వచ్చి వెళ్లాక మావయ్యే, జేగురు రాయి, అని నెమ్మదిగా అని, ఊపిరి వదిలాడు.

శుక్రవారం పొద్దున్నే యర్రయ్య షెడ్డుకి వెళ్లాం. నాకు బాగా తెలిసిన యర్రయ్య నన్ను చూసి, ఎవరబ్బాయివి అని అడిగాడు. మావయ్య సంగతి చెప్పగానే లోపలికెళ్లి రెండు డ్రమ్ములు పట్టుకొచ్చి నేలమీద పెట్టాడు. ఒకటి నల్లరంగు వేసి అద్దంలా మెరుస్తోంది. ఇంకోటి తుప్పు పట్టి, చెరువు తవ్వితే బయటపడ్డట్టుంది.

రెండూ పనికొస్తే కారు మాది. నేను మెరిసేదాని పక్కన గొంతుక్కూచుని, చేత్తో నిమిరి, ఇది మొదటి రకం సరుకు, తుప్పుదాన్ని బాగుచేయించుకోవచ్చు అని తేల్చేశాను. యర్రయ్య నాకేసి చూడలేదు. మెరిసే డ్రమ్ము రంధ్రంలోంచి ఒక తీగ దూర్చి, గాలిలో వేలాడదీసి, స్పానరుతో చిన్నగా కొట్టాడు. తడిసిన చెక్కని కొట్టినట్టు డబ్ మంది, అంతే.

“పగిలింది. రంగు కింద దాసీసినారు,” అని పక్కన పారేశాడు.

తర్వాత తుప్పుదాన్ని వేలాడదీసి కొట్టాడు. అది పాడింది. షెడ్డంతా పాడింది. మూలనున్న రేకు డబ్బాలు కూడా సన్నగా వంత పాడాయి. మంచి డ్రమ్ముని కళ్లతో కాదు, చెవితో కొనాలనీ, పగులు ఎక్కడ దాక్కున్నా గొంతు దాచలేదనీ యర్రయ్య చెప్పాడు. తుప్పుదేముంది, లేత్ మిషను మీద ఒక్క పొర తీస్తే వెండిలా వస్తుంది. కానీ ఇలాంటిది ఇదొక్కటే ఉంది. జతకి ఇంకోటి కావాలంటే చుట్టుపక్కల ఎక్కడా దొరకదు.

ఒకటి దొరికింది. ఒకటి దొరకలేదు. మావయ్య కళ్లు మూసుకుని, ఇంకోసారి కొట్టమన్నాడు. యర్రయ్య కొట్టాడు. ఆ మోత విని ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. మెరిసేదాన్ని ఎంచి నవ్వులపాలయ్యాను కదా, నా చెవి ఎంత గొప్పదో చూపించుకోవాలనిపించింది.

“బాగుంది గానీ మావయ్యా, మనదంత కాదు. కొంచెం బొంగురు. మనది కొడితే కొండకి తగిలి తిరిగొస్తాది,” అన్నాను.

మావయ్య కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. అమ్మయ్య, నా చెవిని మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

ఆ తర్వాత ఆయన వాలకం మారింది. డ్రమ్ము లేత్ ఎక్కించమన్నాడు. ఇంకో డ్రమ్ము లేకుండా ఇదెందుకు అని నేను అడిగితే వినిపించుకోలేదు. యర్రయ్యతో కూచుని, డ్రమ్ముకి లోపలినుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే లైనర్లు ఎంచడం మొదలుపెట్టాడు. మెత్త రకం బేగి పట్టుకుంటుంది గానీ ఘాటీ వేడికి జారిపోతుంది. గట్టిరకం వేడికి ఆగుతుంది గానీ కాలు బలంగా వెయ్యాలి, డ్రమ్ముని కొరుకుతుంది. మధ్యరకం ఒకటుంది, ఇత్తడి తీగ కలిపి నేసింది. మావయ్య దాన్ని గోటితో గీరి, వాసన చూసి, వంచి, ముందు రెండు చక్రాలకీ సరిపడా తీసుకున్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో రెండోసారి పులుసు వేయించుకున్నాడు. జేబులో చీటీలు తీసి చూడలేదు. శనివారం రైలెక్కి, మొదటి సొరంగం రాకముందే నిద్రపోయాడు. మలుపులు నేనే లెక్కపెట్టుకున్నాను.

అరకులో దిగాక ఇంటి దారి పట్టకుండా, డ్రమ్ము భుజాన వేసుకుని, మావయ్య బడి వైపు నడిచాడు. కడుపులో నొప్పన్నాను. బడిలో మందుంటుంది రా అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ. సోంబరు తలపాగా తీసి గంట దగ్గర నిలబడ్డాడు. మావయ్య చెయ్యెత్తి ఆగమన్నాడు. తెచ్చిన డ్రమ్ముకి తీగ దూర్చి, గంట పక్కనే అదే కొమ్మకి కట్టాడు. సోంబరు చేతిలోని బోల్టు తీసుకుని దాన్ని ఒకటి కొట్టాడు. మోగింది. పిల్లలు కంచాలు పట్టుకుని బయటికొచ్చారు. రెండో దెబ్బ గంట మీద వేశాడు. అది కొండ దాకా వెళ్లి తిరిగొచ్చింది. నిజంగానే ఆ కొత్తది కొంచెం బొంగురు. నా చెవిలో లోపం లేదు.

మావయ్య బోల్టు నా చేతిలో పెట్టాడు.

“గ్రీజు పూసి గుడ్డలో సుట్టిన డ్రమ్ము గొంతు నాకే తెలీదు. పదకొండేల్లలో ఒక్కసారీ కొట్టలేదు. నీకెలా తెలిసిందిరా గణపతీ?”

నేను ఢిల్లీ గురించి ఏదో మొదలుపెట్టాను. రెండు మాటలయ్యాక నాకే వినబుద్ధి కాలేదు. ఎదురుగా అరవైమంది పిల్లలు, అరవై కంచాలు. ఆకలి మీదున్నవాళ్ల ముందు ఎక్కువసేపు అబద్ధం చెప్పడం కష్టం. గాదె కింద నుంచి తీసింది నేనేనన్నాను. పావలా బిళ్ల ముద్ర గురించి చెప్పాను. ఉప్పు జాడీ గురించి కూడా చెప్పాను.

“మీరు మర్చిపోలేదు మావయ్యా. ఎక్కడ పెట్టారో అక్కడే పెట్టారు.”

మావయ్య జేబులోంచి చీటీలు తీశాడు. ఒక్కోటీ చదువుకుని, చింపి, ముక్కలు జేబులోనే వేసుకున్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఎండ లేదు ఆ రోజు.

సోంబరు కొమ్మ దగ్గరికొచ్చి గంట దింపడం మొదలుపెట్టాడు. ఢిల్లీ కాగితం అక్కర్లేదా అని అడిగాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఆ కారు ఎనక నిలబడి ఎన్నిసార్లు తోసినానో సావుకారుకి తెలుసు. ఎన్నోమార్లు సక్రం ఊడదీస్తే పక్కన కూకున్నాను. డ్రమ్ము అంటే ఏటో నాకు తెలీదా బాబూ? నువ్వొచ్చి అడిగిన్నాడు ఇచ్చీసుంటే, ఎక్కడో దొరికిందని ఇంకో కత సెప్పీవోడివి. నీ నోటంట నిజం రానీ అని సూసినాను. సావుకారు ఇలగ దిగులెట్టుకున్నాడని తెలిస్తే నానే మోసుకొద్దును.”

మరి చుట్టలు, అన్నాను.

“సుట్టలు బాగున్నాయి,” అన్నాడు.

ఆ మర్నాడు లారీతో వచ్చిన పోలయ్య, రెండు మంచి డ్రమ్ములతో, ఇత్తడి తీగ లైనర్లతో, అనంతగిరి దాకా దిగి ఎక్కివచ్చిన కారుని చూసి, కాఫీ తాగి, ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. ముందు సీట్లో మావయ్య పక్కన అత్త కూచుంది, ఎవరూ పిలవకుండానే. బడి కొమ్మకి మా పాత డ్రమ్ముని, పగిలినదాన్నే, గంటగా వేలాడదీశాం. కొడితే జలుబు చేసిన గేదెలా అరిచేది. ఇప్పుడు బడికి కరెంటు బెల్లు పెట్టారు. మొన్న ఆ దారిన వెళ్తూ చూస్తే అది ఇంకా కొమ్మకి ఉంది, లోపల ఏదో పిట్ట గూడు కట్టుకుంది. ఎవరూ చూడకుండా గోటితో ఒకసారి కొట్టి వచ్చాను.

కానీ ఆ శనివారం సంగతి ఇంకా పూర్తవలేదు. గంట దింపి మావయ్య భుజానికెత్తాక, కొని తెచ్చినదాన్ని నేను ఎత్తుకున్నాక, పిల్లలు అన్నాలకి వెళ్లిపోయాక, ఇంటికి నడుస్తూ ఆయన మామూలుగా, వెనక్కి తిరగకుండా అడిగాడు.

“ఇంకేటైనా ఉందేటి?”

ఏమీ లేదంటే సరిపోయేది. ఆయనకి అనుమానం కూడా లేదు. భుజం మీద డ్రమ్ము నడకకి ఊగుతూ చిన్నగా మోగుతోంది. అదే భుజం, ఘాటీలో కారుని కొండకేసి తిప్పిన భుజం. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను.

“ఉంది మావయ్యా. ఎడమ డ్రమ్ము దానంతటది పగల్లేదు. గుమ్మడిపాదులోకి హ్యాండ్‌బ్రేకు జారి పోలేదు. చక్రం నేనే ఊడదీశాను. డ్రమ్ము రాకపోతే సుత్తితో కొట్టాను.”

ఆయన ఆగాడు. ఎన్ని దెబ్బలు కొట్టావని అడిగాడు.

ఈ కథ చదివే మీకు మొదట్లో అయిదని చెప్పాను.

“పద్నాలుగు మావయ్యా,” అన్నాను.